కొలిమి ఆర్పిన చెయ్యి

నిప్పులార్పడానికి పన్నెండు రోజుల ముందు

ఇప్పుడు రాయడం మొదలుపెట్టక తప్పదు. నాన్న పోయి ఏడు నెలలైంది. ఇంకో పన్నెండు రోజులకు, ఏటా లాగే, మా లెమ్నోస్ దీవిలో ఉన్న నిప్పంతా తొమ్మిది రోజుల పాటు ఆర్పేస్తారు. ఆలోగా అన్నయ్య తెలేసోన్ థాసోస్ దీవి నుంచి రావాలి. రాకపోతే మా కొలిమి బాబాయి చేతికి పోతుంది. అమ్మతో ఈ మాటెత్తితే కళ్ళొత్తుకుంటుంది. బాబాయితో ఎత్తితే నా తల నిమిరి వెళ్ళిపోతాడు. మాట్లాడటానికి మూడో మనిషి లేడు. లోపలే పెట్టుకుంటే ఏదో ఒక రోజు పిచ్చిపని చేస్తానని భయంగా ఉంది. అందుకని రాసుకుంటున్నాను.

ఈ చీటీలు తీమో అవ్వ ఇచ్చినవి. హెఫైస్టోస్ దేవుడు ఆకాశం నుంచి పడ్డ గుట్ట మీద ఎర్రమట్టి తవ్వి, బిళ్ళలు చేసి, ముద్ర వేసి ఇచ్చే పూజారిణి ఆవిడ. పాము కాటుకీ కడుపులో పుండుకీ ఆ మట్టి కావాలని ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలొస్తాయి. ఈ చీటీకి అవతలి వైపు స్మిర్నా ఊరివాడెవరో తన భార్య కాలు నల్లబడుతోందని రాశాడు. ఆవిడ బతికిందో లేదో తెలియదు. ఇవతలి వైపు ఖాళీ నాది.

అవ్వకు చూపు తగ్గి, ఉత్తరాలు చదివిపెట్టే పిల్ల కావలసి, తొమ్మిదేళ్ళప్పుడు నన్ను కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. అంతకుముందు మా ఇంట్లో అక్షరం తెలిసినవాళ్ళు లేరు. నాన్న పేరు ఇసుకలో రాసి చూపిస్తే, “ఇందులో నేనెక్కడున్నానే?” అని చాలాసేపు చూశాడు.

పది రోజుల ముందు

లాంపోన్ బాబాయి వచ్చాడు. నాన్నకు తమ్ముడు. వీధికి ఆ చివర కొలిమి ఆయనది, ఈ చివర మాది.

“వదినా, ఇంకా ఎన్నాళ్ళు చూస్తారు? వాడు రాడు.”

అమ్మ వెల్లుల్లి ఒలుస్తోంది. తలెత్తలేదు.

“ఆర్పిన చెయ్యే అందుకోవాలి. ఈ పద్ధతి నేను పెట్టింది కాదు కదా. డెలోస్ నుంచి ఓడ కొత్త నిప్పు తెచ్చాక పూజారి కొలిమి కొలిమికీ తిరిగి, ఎవడు ఆర్పాడో వాడి చేతికే ఇస్తాడు. అందుకునే చెయ్యి లేకపోతే అది చచ్చిన కొలిమి. దాగలి దిమ్మ, తిత్తులు, సమ్మెటలు అన్నీ తలో ఇంటికీ పంచేస్తారు. తర్వాత తెలేసోన్ వచ్చి నెత్తి కొట్టుకున్నా రావు. నేను ఆర్పుతాను, నేను అందుకుంటాను. మీరిద్దరూ నా ఇంట్లో ఉంటారు. తిండికి లోటు చేస్తానా?”

“చెయ్యవు,” అంది అమ్మ.

“మరి?”

“వాడికింకా పది రోజులుంది.”

బాబాయి మంచివాడు. ఇది రాసిపెట్టుకోవాలి. ఎందుకంటే ఆయన మీద నాకు కోపం వస్తోంది, కారణం మాత్రం దొరకడం లేదు.

తొమ్మిది రోజుల ముందు

అన్నయ్యకు ఉత్తరం రాశాను. ఇది నాలుగోది. వాడికి చదవడం రాదు, రేవులో ఎవరో చదివి వినిపించాలి. అందుకని ఏడుపు మాటలు రాయలేదు. పరాయివాడి నోటి నుంచి చెల్లెలి ఏడుపు వినడం ఏం బావుంటుంది?

ఏడు రోజుల ముందు

ద్రాక్షతోటల ముసలాయన నీకోన్ వంకర కత్తి పదును పెట్టించుకోవడానికొచ్చాడు. కొలిమి దగ్గర నేనొక్కదాన్నే ఉంటే తలుపు దగ్గరే ఆగిపోయాడు.

“మీ అన్న రాలేదా?”

“వస్తాడు తాతా.”

“అయితే వచ్చాకే వస్తాలే.” కత్తిని చేత్తో తిప్పి చూసుకున్నాడు. “పోయినేడు మీ నాన్న చేసిచ్చాడు. చూడు, ఎంత పట్టు పట్టిందో. చివర్లో చెయ్యి వణికినా పనిలో వణుకు రానివ్వలేదు మహానుభావుడు. అలాంటి చెయ్యి మళ్ళీ రాదు.”

“రాదు తాతా,” అన్నాను.

నేను చేసిందల్లా తిత్తులు ఊదడమే. నాన్న రెండేళ్ళు చెయ్యి వణుకుతూనే పని చేశాడు. నేను పక్కనుండి తిత్తులు ఊదేదాన్ని. అప్పుడప్పుడు పట్టుకారు పట్టేదాన్ని.

నీకోన్ తాత వెళ్ళాక తలుపు వేసి కాసేపు కూర్చున్నాను. కొలిమిలో నివురు కింద నిప్పు ఉంది. ఏడు నెలలుగా దాన్ని చావకుండా చూస్తున్నాను. పని లేని నిప్పును బతికించడం పనున్న నిప్పును మండించడం కన్నా కష్టం.

ఐదు రోజుల ముందు

సీమోస్ పడవ వచ్చింది. థాసోస్‌కూ మాకూ మధ్య సరుకులు తిప్పేవాడు. నా ఉత్తరాలు తీసుకెళ్ళేది అతనే. నాలుగో ఉత్తరం పట్టుకుని రేవుకు పరిగెత్తాను.

“కనిపించాడా?”

“కనిపించడమేంటి, బలిశాడు కూడా! సొంతంగా దాగలి పెట్టుకున్నాడు. పెళ్ళామొచ్చింది. ఆ అమ్మాయికి ఆరో నెల.” చేపల బుట్ట ఒడ్డుకు లాగుతూ అన్నాడు. “నీ కిందటి ఉత్తరం నేనే చదివించా. మొత్తం విన్నాడు.”

“విని?”

“నవ్వాడు. ‘మా చెల్లి బాగా రాస్తుందిరా’ అన్నాడు.”

“వస్తానన్నాడా?”

సీమోస్ బుట్ట వదిలి నడుం నిమురుకున్నాడు. “చూద్దాం అన్నాడమ్మా.”

నాలుగు రోజుల ముందు

చూద్దాం అన్నాడు. అంటే వస్తాడు. రానివాడు రానని చెబుతాడు.

పెళ్ళి సంగతి అమ్మకు చెప్పలేదు.

రెండు రోజుల ముందు

బాబాయితో గొడవ పడ్డాను. గొడవ అనకూడదేమో, ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

“మన దేవుడు కుంటివాడు కదా బాబాయ్. ఆయన్ని కొలిమిలో పట్టుకుని నడిపించేది ఎవరు?”

“బంగారు బొమ్మలు.”

“ఆడబొమ్మలే కదా?”

“అవును, ఆడబొమ్మలే. మాట్లాడతాయి, తెలివి కూడా ఉంది. అయితే?”

“అయితే ఏం లేదు.”

“అవి బంగారం తల్లీ. వాటికి నిప్పురవ్వ పడితే బొబ్బ ఎక్కదు. వాటికి పెళ్ళి చెయ్యాల్సిన పని కూడా లేదు. పైగా వాటిని చేసుకున్నది దేవుడు. నిన్ను చేసింది మా అన్న. మా అన్న చేసినవాటిలో సగం వంకరే.” ఆ మాటకు తనే గట్టిగా నవ్వి, చప్పున ఆగి, మా కొలిమి గోడకున్న నాన్న తోలు పంచెను చూస్తూ ఉండిపోయాడు. “ఎల్లుండి సాయంత్రం నా కొలిమి ఆర్పేసి తిన్నగా ఇక్కడికొస్తా. సముద్రం నీళ్ళు తెచ్చిపెట్టి ఉంచు,” అన్నాడు.

ముందు రోజు

నీళ్ళు తెచ్చాను. కొలిమి చుట్టూ పడ్డ ఇనుప చిట్టెం ఊడ్చాను. అన్నయ్య రాలేదు. రేపు మధ్యాహ్నం దాకా ఓడలు వస్తూనే ఉంటాయి.

నిప్పు లేని మొదటి రోజు

నిన్న జరిగింది సరిగ్గా రాసుకోవాలి.

పొద్దు వాలాక గుడి మీది నుంచి మూడుసార్లు కొమ్ము ఊదుతారు. మూడోది ఆగేలోపు ప్రతి కొలిమీ ఆరిపోవాలి. ఆగాక ఎక్కడైనా నిప్పు కనిపిస్తే ఊరికంతటికీ మైల. మొదటి కొమ్ము ఊదారు. బాబాయి రాలేదు. రెండోది ఊదారు. బాబాయి రాలేదు. మూడోది మొదలై ఆగిపోవస్తోంది. కొలిమి కణకణలాడుతోంది. ఏం చెయ్యను? కడవెత్తి పోశాను. “నీది నీకే, తీసుకో” అన్నాను, నాన్న ఏటా దేవుడితో అన్నట్టే. ఆవిరీ రవ్వలూ లేచి మొహానికి కొట్టాయి. తెల్లారి చూసుకుంటే కనుబొమలు కాలి ఉన్నాయి.

ఊరంతటినీ మైల నుంచి కాపాడాలని పోశాను. అంతే.

ఆ తర్వాత బాబాయి వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయాడు. ఆయన వెనకే పూజారి ఫిలాగ్రోస్ గారూ కమ్మరి పెద్దలూ వచ్చారు. ప్రతి ఏడూ అలాగే వస్తారు, బూడిదలో వేలు పెట్టి చూసి ఒక్క ప్రశ్న అడుగుతారు.

“ఎవరి చెయ్యి?”

“తెలేసోన్ చెయ్యి,” అన్నాను.

“ఎక్కడ తెలేసోన్?”

అప్పుడు లోపలి నుంచి అమ్మ వచ్చింది. ఏడు నెలల్లో కొలిమి గది గడప దాటడం అదే మొదటిసారి.

“దాని చెయ్యి,” అంది నన్ను చూపించి. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

రెండో రోజు

నానబెట్టిన బార్లీ, జున్ను, అత్తిపళ్ళు. ఊళ్ళో ఎక్కడా పొగ లేదు. ఎవరి ఇంట్లోంచీ రొట్టె వాసన రాదు. సుత్తి చప్పుడు లేని వీధిలో నా చెప్పుల చప్పుడు నాకే వినిపిస్తోంది.

అమ్మ నాతో మాట్లాడలేదు.

మూడో రోజు

పూజారిగారు పిలిపించారు. ఈ తొమ్మిది రోజులూ ఆడవాళ్ళు గుడిలోకి రాకూడదు, అందుకని బయట మెట్ల మీద మాట్లాడాం. ఆయన పై మెట్టు మీద, నేను కింది మెట్టు మీద. బాబాయి పక్కనే నిలబడ్డాడు.

“చూడమ్మా మిర్తలే. ఆడదాని చేతికి నిప్పిచ్చిన ఆనవాయితీ లేదు. ఇవ్వకూడదన్న మాట కూడా ఎక్కడా లేదు, ఎందుకంటే ఇలాంటిది ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు.”

“తొందరలో పోశానండీ.”

“అదే నేనూ అంటున్నా. నువ్వు పోసింది మీ అన్న కోసం. అన్న చెయ్యి బదులు నీ చెయ్యి ఆడింది. ఆ మాట పెద్దల ముందు చెప్పు. కొలిమి చచ్చిపోలేదు, నిద్రపోతోంది అందాం. ఒక ఏడాది గడువిద్దాం. వాడొచ్చి అందుకుంటాడు.”

“వాడు రాడండీ,” అన్నాడు బాబాయి. “ఏడాది పడుకున్న కొలిమిలో గోడలు కూలతాయి, తిత్తులు ఎండి పగులుతాయి. దానికన్నా, నేనే పొయ్యమన్నానని చెబితే పోతుంది కదా. మాటకేముంది? నీళ్ళు తెమ్మంది నేనే. మాట నాది, చెయ్యి నాది. ఏమే, నేను చెప్పలేదూ?”

“తెమ్మన్నావు బాబాయ్.”

“అదిగో!”

పూజారిగారు గడ్డం గోక్కున్నారు. “తొమ్మిదో రోజు పొద్దున పెద్దలు కూర్చుంటారు. అప్పటికి ఏదో ఒకటి చెప్పు. ఏదీ చెప్పకపోతే చచ్చిన కొలిమి కిందే రాసుకోవాలి. నీ మంచికే చెబుతున్నా తల్లీ, రెండింట్లో ఏది చెప్పినా మాకు సమ్మతమే.”

ఇద్దరూ నా మంచే కోరుతున్నారు. ఇద్దరికీ నా నోటి నుంచి కావలసిందొక్కటే, అది ఇంకొకరి చెయ్యి అని.

అన్న చెయ్యి అనే చెబుతాను. అదే నిజం కూడా. నేను వాడి కోసమే పోశాను.

నాలుగో రోజు

ఈ రోజు ఆడవాళ్ళ రోజు. పొద్దున్నే అందరం వెల్లుల్లి నమిలి, మగవాళ్ళ దగ్గరకు పోకుండా ఊట దగ్గర చేరతాం. ఎప్పుడో మా దీవి ఆడవాళ్ళు ప్రేమదేవతను పట్టించుకోకపోతే ఆవిడ వాళ్ళకు ఓర్వలేని కంపు పట్టించిందట, మొగుళ్ళు ఇళ్ళొదిలి పోయారట, ఆ తర్వాత జరిగింది పిల్లల ముందు చెప్పరు. ఇప్పుడు ఆ రోజును తలుచుకుంటూ కడుపుబ్బ నవ్వుకుంటారు.

పోయినేడు నేనూ నవ్వాను. ఈ ఏడు నేను వెళ్ళి కూర్చోగానే నా రెండు వైపులా చోటు పెరిగింది.

“దానికి వెల్లుల్లెందుకే,” అంది లీసిల్లా. చిన్నప్పుడు మేమిద్దరం ఒకే చాప మీద పడుకునేవాళ్ళం. ఇప్పుడు తనకు ఇద్దరు పిల్లలు. “దాని ఒంటికి బొగ్గు కంపు ఎప్పుడూ ఉండేదే. అది తగిలేగా పెళ్ళికొడుకులు పారిపోయింది!”

“ఊరుకోవే,” అన్నారెవరో నవ్వుతూ.

“ఊరుకోవడానికేముంది? కొలిమి మీద చెయ్యి వేసింది కదా, ఇంక కొలిమినే కట్టుకోమను. మొగుడు వెచ్చగా ఉంటాడు, చలికాలం దుప్పటి కొనక్కర్లేదు.”

అందరూ పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా దూరం జరుగుతారు. కాసేపటికి లీసిల్లా నా పక్క నుంచి వెళుతూ నా కాలిన కనుబొమ చూసి, ఒక్క క్షణం ఆగి, “నొప్పిగా ఉందా?” అని మెల్లిగా అడిగింది. నేను చెప్పేలోపే ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

నొప్పిగా ఉంది.

అమ్మ అక్కడే ఉంది. నవ్వలేదు. నా వైపు చూడనూ లేదు.

ఐదో రోజు

గుట్టకు వెళ్ళాను. తీమో అవ్వ ఎండలో కూర్చుని బిళ్ళల మీద ముద్ర తడుముకుంటోంది. కళ్ళకన్నా వేళ్ళే బాగా చూస్తాయంటుంది.

“వచ్చావా? నీ సంగతి మట్టి తవ్వేవాళ్ళకు కూడా తెలిసిపోయింది.”

నేను ఏడ్చాను. అవ్వ ఆపలేదు. ఆగాక, ఏదో ఒకటి మాట్లాడాలని, “దేవుణ్ణి ఆకాశం నుంచి విసిరేసింది ఎవరవ్వా? నాన్నేమో తండ్రి విసిరాడనేవాడు. అమ్మేమో తల్లి విసిరిందంటుంది,” అన్నాను.

“ఎవరు విసిరితే ఏంటే? పడ్డది ఇక్కడ. రోజంతా పడుతూనే ఉన్నాడట. పొద్దున విసిరితే పొద్దుగూకే వేళకు నేల తాకాడు. నాకు ఆ తల్లీ తండ్రీ గుర్తుకు రారు. ఆ మధ్యలో రోజు గుర్తుకొస్తుంది. కింద పట్టుకునేవాళ్ళు ఉన్నారని ఆయనకు తెలియదు కదా.”

ఇంకో బిళ్ళ చేతిలోకి తీసుకుని, “పదేళ్ళు నాకు ఉత్తరాలు చదివావు. మట్టి ఎవరికి పనిచేస్తుందో చదువుతుండగానే నాకు తెలిసిపోయేది, తెలుసా?” అంది.

“ఎలా?”

“నొప్పి ఎవరికో, ఎక్కడో తిన్నగా రాసినవాళ్ళకు పనిచేస్తుంది. ‘మాకు తెలిసినవాళ్ళెవరికో పుండు లేచింది, ఎక్కడో సరిగ్గా తెలియదు’ అని రాసేవాళ్ళుంటారే, సిగ్గుపడి, వాళ్ళకు గంపెడు పంపినా ఏం లాభం? ఎవరికని పూసుకుంటారు?”

ఇంటికొచ్చేసరికి అమ్మ అరుగు మీద ఉంది. అయిదు రోజులుగా నోరు తెరవని మనిషిని నేనే కదిపాను.

“ఎందుకు చెప్పావమ్మా వాళ్ళకి?” అన్నాను.

“మీ నాన్న కోసం రెండేళ్ళు ఒక అబద్ధం మోశాను. ఇంకోటి మోసే ఓపిక లేదు,” అంది.

ఏ అబద్ధమని నేను అడగలేదు.

ఆరో రోజు

పట్టుకారు ఎప్పుడూ నేనే పట్టేదాన్ని. అప్పుడప్పుడు అని ముందు రాశాను. ఎప్పుడూ.

సమ్మెట కూడా.

ఏడో రోజు

ఓడ వచ్చేసింది. రెండు రోజులు ముందే. గాలి వాటంగా ఉందేమో. కానీ ఈ తొమ్మిది రోజులూ పాతాళ దేవతలను పిలిచే పూజలు నడుస్తాయి కాబట్టి కొత్త నిప్పు ఒడ్డుకు రాకూడదు. కొండకొమ్ము అవతల అలల మీద ఆగి ఉంది. నడి ఓడలో కుండ, దాని మీద సన్నగా పొగ. ఊరంతా రాళ్ళ మీద నిలబడి చూస్తోంది. ఎవరూ చెయ్యూపరు, కేక వెయ్యరు. నిప్పు కంటికి కనిపిస్తోంది, అయినా ఇంట్లో చల్లటి బార్లీయే తినాలి.

నేను జనానికి కొంచెం ఎడంగా నిలబడ్డాను. ఈ మధ్య ఎక్కడ నిలబడ్డా ఎడంగానే ఉంటోంది.

సీమోస్ పడవ మాత్రం రేవుకొచ్చింది. నిప్పు లేని పడవలకు అడ్డులేదు. నన్ను చూసి దిగకుండా తాడు సర్దుతూ కూర్చున్నాడు. నేనే నీళ్ళలోకి దిగి పడవ అంచు పట్టుకున్నాను.

“ఏమన్నాడు?”

“నీ నాలుగో ఉత్తరం పూర్తిగా చదివించానమ్మా. రెండుసార్లు.”

“ఏమన్నాడు సీమోస్?”

“కొలిమి బాబాయికి ఇచ్చెయ్యమన్నాడు. తనకేం వద్దట. సంతోషంగానే ఇస్తున్నానని చెప్పమన్నాడు.” తాడు ముడి వేశాడు, విప్పాడు, మళ్ళీ వేశాడు. “దాగలొక్కటి పంపమన్నాడు. నాన్నది పెద్దదంట కదా. తనది చిన్నదైపోయిందట. పడవలో పడుతుందా అని నన్నడిగాడు.”

“పడుతుందా?”

“పడుతుందమ్మా.”

“నా గురించి ఏమైనా అన్నాడా?”

“ఉత్తరం బాగా రాస్తావన్నాడు.”

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. పెళ్ళి సంగతీ, ఆరో నెల సంగతీ, దాగలి సంగతీ. అమ్మ వింది. “కొడుకా, కూతురా, ఎవరు పుడతారో,” అంది. కాసేపటికి లేచి కొలిమి గదిలోకి వెళ్ళి, దాగలి మీద ఒక చెయ్యి వేసుకుని నిలబడింది. నేను వెనకే వెళ్ళాను. చల్లగా ఉంది. ఈ ఏడు నెలల్లో మేమిద్దరం ఒకే గదిలో ఇంతసేపు ఉండలేదు.

ఎనిమిదో రోజు, పొద్దున

అన్న చెయ్యి అని చెప్పడానికి ఇప్పుడు అన్నే లేడు. బాబాయి చెయ్యి అని చెబితే తీరిపోతుంది. ఆయన ఇంట్లో తిండికి లోటుండదు. ఆయన నన్ను తిట్టడు. కొలిమి దగ్గర తిత్తులు ఊదనిస్తాడు కూడా.

నిప్పు లేని మొదటి రోజు రాసింది మళ్ళీ చదివాను. మూడో కొమ్ము ఆగిపోవస్తోందని రాశాను. మొట్టమొదటి చీటీకి అవతలి వైపు స్మిర్నా ఆయన రాసిందీ చదివాను. ఎడమ కాలు, చీలమండ పైన నాలుగు వేళ్ళ ఎత్తులో, అని రాశాడాయన.

ఎనిమిదో రోజు, మధ్యాహ్నం

పూజారిగారికి పంపుతున్నాను. పంపే ముందు నకలు ఇక్కడ రాసి ఉంచుకుంటున్నాను. అమ్మకు చదివి వినిపించాను. నాన్న మాట వచ్చిన చోట, “ఆయన పరువు,” అంది. కొట్టెయ్యనా అని అడిగాను. చాలాసేపు ఆలోచించి వద్దంది. తనే తీసుకెళ్ళి గుడి మెట్ల మీద పెడతానంది.

పూజారి ఫిలాగ్రోస్ గారికీ, కమ్మరి పెద్దలకూ, ఎవ్మెలోస్ కూతురు మిర్తలే నమస్కరించి రాసేది.

మా కొలిమి ఆర్పింది మా అన్న తెలేసోన్ చెయ్యి కాదు. అతను థాసోస్‌లో తన కొలిమి తను పెట్టుకున్నాడు, ఇక రాడు. ఆర్పింది మా బాబాయి లాంపోన్ చెయ్యీ కాదు. ఆయన నీళ్ళు తెచ్చి ఉంచమన్నాడు గానీ పొయ్యమనలేదు. మూడో కొమ్ము ఊదుతుంటే గత్యంతరం లేక పోశానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. రెండో కొమ్ము ఇంకా ఆగలేదు. వీధి మలుపులో బాబాయి వస్తూ కనిపించాడు. పరిగెత్తుతూ, “ఉండవే, వస్తున్నా” అని కేక కూడా వేశాడు. ఆయన రాకముందే పొయ్యాలని పోశాను. ఆ చెయ్యి నాది.

మా నాన్న చెయ్యి ఆయన పోవడానికి రెండేళ్ళ ముందే వణకడం మొదలైంది. ఆ రెండేళ్ళలో ఆయన పక్కన కూర్చుని చెప్పేవాడు, ఇనుము కొట్టింది నేను. తలుపు వేసుకుని కొట్టాం, ఎవరికీ చెప్పలేదు. ఇది బయటపెట్టి పోయినవాణ్ణి చిన్నబుచ్చుతున్నానని మీకు అనిపించవచ్చు. పని తెలియని చేతికి ఆయన పని అప్పగించలేదు, అది ఒక్కటి గమనించమని వేడుకుంటున్నాను. నీకోన్ గారి ద్రాక్షకత్తి నాది. పోయినేడు కోతలకు మా కొలిమి నుంచి వెళ్ళిన కొడవళ్ళన్నీ నావి. దేవుడి గుడి ఉత్తరం తలుపుకు కొత్తగా బిగించిన గడియ నాది. మీరు రోజూ పొద్దునా సాయంత్రం దాన్ని తీస్తున్నారు, వేస్తున్నారు. నా చెయ్యి నిప్పు అందుకోవడానికి పనికిరాదని మీరనుకుంటే, ఆ మాట నాకు చెప్పే ముందు ఆ గడియ ఊడదీయించండి.

కొత్త నిప్పు నాకు ఇవ్వమని అడుగుతున్నాను. అన్న కోసం కాదు, అన్న బదులుగా కాదు.

ఇస్తారో ఇవ్వరో రేపు పొద్దుటికి, ఓడ ఒడ్డు తాకేలోగా తెలియజేయండి. బాబాయితోనో అమ్మతోనో కబురు చెప్పి పంపవద్దు. రాసి, పైన నా పేరు వేసి పంపండి. నాకు చదవడం వచ్చు.